హిమాయత్‌సాగర్ లెక్క

ఆటోనగర్‌లో షెడ్డు తీసుకునేవాడు ముందు కరెంటు లైను చూస్తాడు, తర్వాత లారీ తిరిగే దారి చూస్తాడు. నీళ్ల సంగతి ఆఖర్న అడుగుతాడు. విశాఖలో గాజువాక చుట్టుపక్కల నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఆలోచించే అలవాటు మనకి తక్కువ. అవి మన కళ్లముందు నుంచి రావు కదా. పక్కనున్న ఉక్కు కర్మాగారానికి కణితి జలాశయం ఉంది. అందులోకి నీళ్లు ఏలేశ్వరం దగ్గరి ఏలేరు జలాశయం నుంచి 150 కిలోమీటర్ల పైచిలుకు కాలువలో వస్తాయి. ఏలేరు చాలనప్పుడు కాటేరు దగ్గర గోదావరిని తోడి అందులో కలుపుతారు. నగరానికి తాటిపూడి నుంచి గోస్తనీ నీళ్లు, రైవాడ నుంచి శారద నీళ్లు వస్తాయి. వీటన్నిటిలోనూ మనకి దగ్గరిది మేఘాద్రిగెడ్డ. పెందుర్తి, కొత్తవలస, సబ్బవరం వైపు వాన పడితే దాని మట్టం పెరుగుతుంది.

వేసవి ముదిరితే పేపర్లో ఆ మట్టం అడుగుల్లో వేస్తారు. పూర్తి మట్టం 61 అడుగులు. ఇవాళ ఇంత ఉంది, పోయినేడు ఇదే రోజుకి ఇంత ఉండేది. ఆ అంకె చూసి వాన బాగా పడిందనో పడలేదనో తేల్చేసుకుంటాం. వానకీ మట్టానికీ మధ్య బోలెడంత నేల ఉంది. ఆ నేల మీద ఒకప్పుడు జీడితోట ఉండేది, ఇప్పుడు లేఅవుటు రాళ్లు ఉన్నాయి. అంతే వాన పడినా ముప్పై ఏళ్ల కిందట వచ్చినన్ని నీళ్లే ఇప్పుడూ రావాలని లేదు, తక్కువ రావచ్చు, ఎక్కువా రావచ్చు. పేపర్లో వేసే అంకెలో ఇదేమీ కనపడదు.

నేల మారితే నీళ్లు ఎంత మారతాయన్న ప్రశ్నని తెలుగు నేల మీదే పట్టుకుని ఓపిగ్గా విప్పి చూసిన పని ఒకటుంది. 2014లో వాటర్ రిసోర్సెస్ మేనేజ్‌మెంట్ అనే పత్రికలో అచ్చయింది. రాసినవాళ్లు నూనె రాజేశ్, బిజు జార్జ్, తెలుగుంట్ల పార్థసారథి, ఆండ్రూ వెస్టర్న్. పని జరిగింది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం ఆసరాతో, పరిశీలించింది హైదరాబాద్ పక్కనున్న హిమాయత్‌సాగర్ పరీవాహకాన్ని. అదే దారిలో సాగిన పెద్ద పని ఒకటి 2021లో హైడ్రలాజికల్ ప్రాసెసెస్ పత్రికలో వచ్చింది. నేను జలశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. ఒక పనివాడు పనిముట్టుని ఎలా పట్టుకున్నాడో, ఎక్కడ పట్టు మార్చాడో చూడటం మాత్రం నాకు ఇష్టం. ఇక్కడ చెప్పబోయేది ఆ పట్టు గురించే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తిన తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలనుకున్నారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920కి, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927కి తయారయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే ఊరికి తాగునీరూ ఇచ్చాయి. హిమాయత్‌సాగర్ పూర్తి మట్టం 1,763.5 అడుగులు, నిల్వ 2.97 టీఎంసీలు. దాని పైన సుమారు 1,340 చదరపు కిలోమీటర్ల పరీవాహకం ఉంది. ఎక్కువ భాగం ఎర్ర చెల్క నేలలు, నల్లరేగళ్లు, చిన్న చిన్న గొలుసుకట్టు చెరువులు.

ఎనభైల నుంచి ఈ జలాశయంలోకి వచ్చే నీళ్లు తగ్గుతూ వచ్చాయి. ఆ మాట అందరూ అన్నారు. కారణం కూడా అందరికీ ముందే తెలుసు: ఫాంహౌస్‌లు, ప్రహరీలు, ఫ్యాక్టరీలు. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 111 జీవో 1996 మార్చి 8న వచ్చింది. హిమాయత్‌సాగర్ ఎగువన ఒక నూనె ఫ్యాక్టరీకి అనుమతి ఇవ్వవచ్చా లేదా అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, పర్యావరణ చట్టంలో పేరున్న తీర్పు అయింది. 2022లో ఆ ఆంక్షల్ని ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు. దాని మీద వాదం ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ వాదంలో అందరూ దాటేసే చిక్కు ఒకటుంది. కాంక్రీటు నీళ్లని ఇంకనివ్వదు, పారనిస్తుంది. కట్టడాలు పెరిగితే, ప్రవాహానికి గోడ అడ్డం కట్టకపోతే, జలాశయంలోకి నీళ్లు పెరగాలి గాని తగ్గకూడదు. ఆ నీళ్లు మురికివి కావచ్చు, ఒక్కసారిగా విరుచుకుపడవచ్చు, కానీ కొలతకి ఎక్కువే ఉంటాయి. తగ్గాయంటే ఇంకేదో జరుగుతోందన్నమాట. రాజేశ్ బృందం పని మొదలైంది అందరికీ తెలిసిన ఆ కారణాన్ని పక్కన పెట్టడంతోనే. ముందు వానని చూశారు. వాన రికార్డుల్లో చెప్పుకోదగ్గ తరుగుదల ఉందా? మాన్, కెండాల్ పేర్ల మీద ఉన్న గణాంక పరీక్ష పెట్టారు. అంకెల వరుస నిజంగా ఒక వైపుకి వాలుతోందా, లేక అటూ ఇటూ ఊగుతోందా అన్నది ఆ పరీక్ష తేలుస్తుంది. 1980 నుంచి 2004 దాకా చూస్తే ప్రవాహం వాలింది, వానలో అలాంటి వాలు కనపడలేదు. నింద ఆకాశం మీద వేసే దారి అక్కడితో మూసుకుపోయింది. మిగిలిందల్లా నేల, ఆ నేల మీద మనుషులు చేసిన పనులు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే పని ఎంత సున్నితమైనదో దానివల్లే తెలుస్తుంది. 2.97 టీఎంసీలంటే దాదాపు 8.4 కోట్ల ఘనపు మీటర్లు. దాన్ని 1,340 చదరపు కిలోమీటర్ల మీద సమంగా పరిస్తే 63 మిల్లీమీటర్ల మందం వస్తుంది. ఆ ప్రాంతంలో ఏడాది వాన సుమారు 750 మిల్లీమీటర్లు అనుకుంటే, అందులో వందకి ఎనిమిది, తొమ్మిది వంతులు పారి వస్తే ఖాళీ జలాశయం నిండిపోతుంది. మిగతా తొంభై పైచిలుకు వంతులు నేలలోకి, పైర్లలోకి, తిరిగి గాలిలోకి పోతాయి. అంటే మనం తాగే నీళ్లు ఒక పెద్ద రాశిలోంచి ఇంకో పెద్ద రాశిని తీసేస్తే మిగిలిన కొసరు. పైర్లు, నేల ఆవిరి చేసే నీళ్లని నూటికి మూడు వంతులు తప్పుగా అంచనా వేసినా 20 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. జలాశయం నిండటానికి కావలసిన దాంట్లో అది మూడో వంతు. ఆటోనగర్‌లో బేరింగు వేసే ఎవరికైనా ఈ కష్టం తెలుసు: షాఫ్టు నలభై మిల్లీమీటర్లుండొచ్చు, బోరు నలభై ఉండొచ్చు, బండి నడిచేది మాత్రం ఆ రెంటి మధ్యా మిగిలిన పాయింట్ల మీద.

ఈ సంగతి లేతు మీద పనిచేసే ఒక పెద్దాయనకి చెప్పబోతే ఆయన నన్ను మధ్యలోనే ఆపి అడిగాడు: "అంతా బాగానే ఉంది గానీ బాబూ, ఆ వచ్చిన నీళ్లు కొలిసింది ఎవులు?"

నీటి లెక్కకి కంప్యూటర్ మోడల్ కట్టేవాళ్లందరూ మొదట అడగవలసిన ప్రశ్న అదే, చాలామంది ఆఖర్న అడిగేదీ అదే. జలాశయంలోకి పడే వాగులన్నిటి మీదా గేజి ఉండదు. ఇలాంటి చోట్ల వచ్చిన నీళ్లని నేరుగా కొలవరు, వెనక్కి లెక్క కడతారు. నిన్నటి మట్టం, ఇవాళ్టి మట్టం రెండూ రిజిస్టరులో ఉంటాయి. మట్టాన్ని బట్టి నిల్వ ఎంతో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. నిల్వలో వచ్చిన తేడాకి ఊరికి వదిలింది కలపాలి, గేట్ల నుంచి పోయింది కలపాలి, ఎండకి ఆవిరైంది కలపాలి, జలాశయం మీదే నేరుగా పడ్డ వాన తీసెయ్యాలి. మిగిలింది ఇన్‌ఫ్లో. ఇందులో ప్రతి అంకెకీ ఒక బలహీనత ఉంది. నీళ్లు 20 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న రోజున స్కేలు చదివిన మనిషి ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ రాస్తే 20 కోట్ల లీటర్లు తేడా వస్తుంది. గాలి వీచే రోజున అల లేస్తే ఆ సెంటీమీటరు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. పూడిక పేరుకుంటే మట్టం, నిల్వల పట్టికే తప్పవుతుంది. అదే మట్టానికి పాత పట్టిక ఎక్కువ నీళ్లు చూపిస్తుంది. ఎండాకాలంలో ఇలా కడితే అప్పుడప్పుడు ఇన్‌ఫ్లో సున్నా కన్నా తక్కువగా కూడా తేలుతుంది. నది వెనక్కి ప్రవహించదు కదా, కాబట్టి ఎక్కడో కొలత తప్పింది. నేర్పరి అలాంటి రోజుని చెరిపెయ్యడు. నెల మొత్తం మీదో ఏడాది మొత్తం మీదో కూడి, ఒక తప్పు ఇంకో తప్పుని కొట్టేసేలా చూస్తాడు. రోజు అంకెని నమ్మక ఏడాది అంకెని నమ్మడం బద్ధకం కాదు, తన కొలబద్ద బలమెంతో ఎరిగి చేసే పని.

ఇక మోడల్. ఈ రంగంలో లోకమంతా వాడే సాధనాల్లో ఒకదాని పేరు స్వాట్. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు, ముఖ్యంగా జెఫ్ ఆర్నాల్డ్ బృందం, టెక్సాస్‌లో తొంభైల మొదట్లో తయారుచేశారు. పరీవాహకాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ఒకే రకం మట్టి, ఒకే రకం వాడకం, ఒకే తీరు వాలు ఉన్న నేలంతా ఒక ముక్క. ప్రతి ముక్కకీ రోజువారీ జమాఖర్చు నడుస్తుంది: వాన జమ, ఆవిరి ఖర్చు, ఇంకినది ఖర్చు, పారినది ఖర్చు. పారినదంతా వాగుల వెంట దించి జలాశయం దగ్గర కూడుతుంది.

వానలో ఎంత పారుతుందన్నది తేల్చడానికి అందులో ఎక్కువగా వాడేది 1950లలో అమెరికా భూసంరక్షణ విభాగం పెట్టిన కర్వ్ నంబర్ పద్ధతి. దాన్ని చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఒక నేల స్వభావాన్నంతా, దాని మట్టి, పచ్చదనం, దున్నకం, కప్పు అన్నిటినీ, సున్నా నుంచి వంద లోపు ఒకే ఒక అంకెలోకి దించేశారు. అంకె పెరిగేకొద్దీ నీళ్లు పారిపోయే గుణం ఎక్కువ. పచ్చిక దట్టంగా ఉన్న ఒక మోస్తరు నేలకి 70 అటూ ఇటూ, ఇళ్లు దగ్గర దగ్గరగా లేచిన కాలనీకి 85 దాకా, కాంక్రీటు కళ్లానికి 98. 25,400ని ఆ అంకెతో భాగించి 254 తీసేస్తే ఆ నేల పట్టుకోగల నీళ్లు మిల్లీమీటర్లలో వస్తాయి. అందులో అయిదో వంతు వాన పడేదాకా చుక్క కూడా పారదని పద్ధతి అనుకుంటుంది.

ఈ లెక్క చేతితో కట్టి చూడండి. ఒక్క రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. 70 అంకె నేల మీంచి 33 మిల్లీమీటర్లు పారుతుంది, 85 అంకె నేల మీంచి 61. దాదాపు రెట్టింపు. అదే 30 మిల్లీమీటర్ల వాన పడితే? 70 నేల మీంచి మిల్లీమీటరులో సగం పైచిలుకు, అంటే ఏమీ లేనట్టే. 85 నేల మీంచి 6.7. ఇది పదకొండు రెట్లు! నేల వాడకం మారితే ప్రవాహం ఎంత మారుతుందని అడిగేవాళ్లకి ఒకే జవాబు ఎందుకు ఉండదో ఈ నాలుగు అంకెల్లో ఉంది. మార్పు కొట్టొచ్చినట్టు కనిపించేది చిన్న వానల్లో. కుంభవృష్టి కురిసిన రోజున అడవికీ కాలనీకీ మధ్య తేడా బాగా తగ్గిపోతుంది. ఒక ఊళ్లో వానలు చిన్నవిగా చాలాసార్లు పడతాయా, పెద్దవిగా కొద్దిసార్లు పడతాయా అన్నది తెలియకుండా, నూటికి ఇంత పెరుగుతుంది, ఇంత తగ్గుతుంది అని చెప్పేవాళ్ల మాట నేను నమ్మను.

అయితే ఉన్నదాన్ని ఉన్నట్టే హిమాయత్‌సాగర్ మీద పెడితే స్వాట్ పని చెయ్యదు. పనితనం మొదలయ్యేది ఇక్కడే. మామూలుగా ఆ సాధనానికి ఒక ఏడాది భూవినియోగ పటం ఇస్తే, ఆ పటాన్నే ముప్పై ఏళ్లూ పట్టుకు కూర్చుంటుంది. మనకి కావలసింది నేల మారడమే కదా. రెండోది, ఎగువ గ్రామాల్లో కట్టిన వేలాది చిన్న కట్టడాలు దానికి కనపడవు. 1995లో కొత్త మార్గదర్శకాలతో వాటర్‌షెడ్ పథకాలు ఊపందుకున్నాయి, 2000లో నీరు-మీరు వచ్చింది. చెక్‌డ్యాములు, ఊటకుంటలు, రాతి కట్టడాలు, చేలల్లో కందకాలు. ఒక్కొక్కటీ పట్టేది కొద్ది నీళ్లే. కానీ వాన పడ్డప్పుడల్లా నిండి, ఇంకి, మళ్లీ నిండుతుంది. కాబట్టి దాని సైజు ఎంతని అడిగితే సరిపోదు, ఏడాదిలో ఎన్నిసార్లు నిండిందని అడగాలి. మూడోది భూగర్భజలం. బోరు మీద వరి వేసిన రైతు ఎండాకాలంలో తోడిన నీళ్లు ఆవిరై పోతాయి. నేల లోపల మట్టం దిగిపోతే వాగులోకి సన్నగా ఊరే ఊట ఆగిపోతుంది, తొలకరిలో పడ్డ వానలో చాలా భాగం ఆ ఖాళీ నింపడానికే సరిపోతుంది.

ఈ బృందం సాధనం లోపలికి దిగింది. ఏడాదికేడాది మారే భూవినియోగాన్ని అందులోకి ఎక్కించారు. నీటి కట్టడాలని పరీవాహకం మొత్తానికి ఒక పెద్ద చెరువుగా కాకుండా, ఆ చిన్న చిన్న నేల ముక్కల స్థాయిలోనే పెట్టారు. భూగర్భజలం భాగాన్ని మన గట్టి రాతి నేలలకి తగ్గట్టు సరిచేశారు. అమెరికా మైదానాల కోసం రాసిన లెక్కని దక్కన్ పీఠభూమి మీదికి తెచ్చేటప్పుడు చాలామంది చేసేది వేరు: లోపల ఏముందో ముట్టుకోకుండా, బయట ఉన్న మీటలు తిప్పి జవాబుని కొలతతో కలిపేస్తారు. తిప్పగలిగిన మీటలు డజన్ల కొద్దీ ఉన్న మోడల్లో జవాబు కలవడం పెద్ద విశేషం కాదు. ఏనుగు మెత్తటి చోట దిగబడినట్టు, అలాంటి మోడల్ నేల మారిన మొదటి ఏడాదే దిగబడిపోతుంది.

జవాబు ఎంత బాగా కలిసిందో చెప్పడానికి నాష్, సట్‌క్లిఫ్ 1970లో ఇచ్చిన ఒక కొలత ఉంది. పూర్తిగా కలిస్తే 1. సగటు అంకెనే రోజూ చెప్పుకుంటూ పోతే వచ్చే విలువ సున్నా. అంతకన్నా దిగజారితే రుణం. ఈ కొలతకి ఒక చెడ్డ గుణం ఉంది: పెద్ద వరదలు సరిగా చెబితే చాలు మంచి మార్కులు వేస్తుంది, వాగు ఎండిన నెలల్ని పట్టించుకోదు. అందుకే క్లెమెష్ అనే జలశాస్త్రవేత్త 1986లో ఒక కఠినమైన షరతు పెట్టాడు. మోడల్‌ని ఒక కాలం మీద సరిచేసి, దానికి తేడాగా ఉన్న ఇంకో కాలం మీద పరీక్షించమన్నాడు. వానలు పడ్డ ఏళ్ల మీద నేర్పి, కరువు ఏళ్ల మీద అడగాలి. భూవినియోగం గురించి మాట్లాడే మోడల్‌కి ఈ పరీక్ష పెట్టకపోతే దాన్ని నమ్మడానికి ఆధారం ఉండదు.

మోడల్ ఎందుకు, నేరుగా ప్రయోగం చేసి చూడకూడదా అని అడగవచ్చు. చేసిన వాళ్లున్నారు. నీలగిరుల్లో ఊటీకి దగ్గర్లో గ్లెన్‌మోర్గాన్ దగ్గర పక్కపక్కనే ఉన్న రెండు చిన్న లోయల్ని కొన్నేళ్లు కొలిచి, తర్వాత 1970లలో ఒకదాన్ని గడ్డిగానే వదిలేసి రెండోదాంట్లో నీలగిరి చెట్లు నాటారు. మొదటి కోత దాకా చూస్తే చెట్లున్న లోయలో ప్రవాహం సగటున 16 శాతం తగ్గింది. జత ఉంది కాబట్టి వాన మీద నింద వెయ్యడానికి వీల్లేదు. రెండిటి మీదా పడింది అదే వాన. అమెరికాలోని కొలరాడోలో ఇలాంటి ప్రయోగం 1910 ప్రాంతంలోనే మొదలుపెట్టారు. కానీ 1,340 చదరపు కిలోమీటర్ల ఈసీ పరీవాహకానికి జత ఎక్కడ దొరుకుతుంది? దొరకదు కాబట్టే కంప్యూటర్లో కట్టాలి. అందులో చెక్‌డ్యాములు లేని ఈసీ ఒకటి, బోర్లు పెరగని ఈసీ ఒకటి, 1980లో ఎలా ఉందో అలాగే ఆగిపోయిన నేల మీద అసలు వానలు కురిసే ఈసీ ఒకటి. నిజమైన నదికీ ఈ ఉత్తుత్తి నదులకీ మధ్య తేడాల్లోంచి ఏ పని ఎన్ని నీళ్లు తీసుకుందో విడదీస్తారు. 2021 పని ఉద్దేశమే ఇది: ప్రవాహంలోనూ భూగర్భజలంలోనూ వచ్చిన మార్పుని వాతావరణం వంతు ఇంత, మనుషుల చేతల వంతు ఇంత అని పంచడం.

ఈ పంపకం అంత సాఫీగా జరగదు. చెక్‌డ్యాము ఆపిన నీళ్లు ఇంకి బోరులోకి వచ్చాయి, ఆ బోరు మీద వరి వచ్చింది, ఆ వరి నీళ్లని ఆవిరి చేసింది. తగ్గిన ప్రవాహానికి బాధ్యత చెక్‌డ్యాముదా, బోరుదా, వరిదా? వీటిలో రెండిటిని విడివిడిగా తీసేసి చూస్తే వచ్చే తేడాల మొత్తమూ, రెండూ కలిపి తీసేస్తే వచ్చే తేడా ఒకటి కావు. లెక్క ఎంత జాగ్రత్తగా కట్టినా ఈ ముడి పూర్తిగా విడదు. అందుకే ఇలాంటి పనుల్లో నేను వెతికేది పైన పెట్టిన ఒక్క శాతం అంకె కోసం కాదు. ఆ అంకె చుట్టూ ఎంత అనుమానం ఉందో రాశారా లేదా అని చూస్తాను.

భూవినియోగ పటాల గురించి ఒక మాట. ఉపగ్రహ చిత్రంలో పచ్చగా కనిపించిన చేను ఖరీఫ్ జొన్నో రబీ వరో తెలియాలంటే, ఏడాదిలో ఆ చేను ఎప్పుడు పచ్చబడిందో, ఎప్పుడు పసుపు తిరిగిందో వరుసగా చూడాలి. జనవరిలో పచ్చగా ఉందంటే దాని కింద నీటి వసతి ఉండే అవకాశం ఎక్కువ. వాన మీద ఆధారపడిన మెట్టచేను చాలావరకు ఆ నెలలో పచ్చగా ఉండదు. ఈ తేడా పట్టుకోవడంలోనే అసలు నేర్పు ఉంది. ఎందుకంటే రెండూ పటం మీద సాగుభూమే, నీటి లెక్కలో ఒకటి ఇంకోదానికి చాలా దూరం. ఈ బృందంలోని పార్థసారథి తర్వాతి కాలంలో అమెరికా భూగర్భ సర్వే సంస్థలో ప్రపంచ సాగుభూముల పటాల పనిలో ఉన్నారు.

పక్కనున్న ఉస్మాన్‌సాగర్ మీద పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వాళ్లు ఇదే సాధనంతో ఇంకో తీరుగా అడిగారు. కౌశల్ గర్గ్, సుహాస్ వాణి, స్వీడన్ నుంచి వచ్చిన యోహాన్ రాక్‌స్ట్రోమ్ తదితరులు 2013లో అచ్చువేసిన ఆ పనిలో చేనులోనే తేమ ఆపే పనుల్ని, వాగులో కట్టే చెక్‌డ్యాముల్ని వేరువేరుగా పెట్టి చూశారు. ఎగువ రైతుకి ఎంత పంట దక్కుతుంది, దిగువ జలాశయానికి ఎన్ని నీళ్లు తగ్గుతాయి అన్న రెండు తూకాలూ పక్కపక్కన పెట్టారు. ఇందులో దొంగ ఎవరూ లేరు. ఎగువన షాబాద్ వైపు రైతు తన చేలో పడ్డ చినుకుని తన చేలో ఆపుకున్నాడు, అలా చెయ్యమని సర్కారే డబ్బిచ్చి చెప్పింది. ఆ నీళ్ల మీద నగరం తొంభై ఏళ్లుగా ఆధారపడింది. ఫాంహౌస్‌ని తిట్టుకోవడం ఎంత సులువో, ఈ లెక్కని మింగడం అంత కష్టం.

ఈ పనుల్లో నాకు నచ్చని సంగతీ ఉంది. అన్నీ ఇంగ్లిష్ పత్రికల్లో ఉన్నాయి. ఎగువనున్న చేవెళ్ల సర్పంచికి గాని, జలమండలిలో రిజిస్టరు రాసే మనిషికి గాని చేరేలా ఎవరూ రాసినట్టు నాకు కనపడలేదు. పైగా 1980, 2004 అన్న హద్దులు మర్చిపోయి ఇప్పటికీ అదే జవాబు చెప్పేవాళ్లు ఉన్నారు. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగినప్పుడు పదేళ్ల తర్వాత హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు, ఆ తర్వాతి ఏళ్లలో మళ్లీ మళ్లీ ఎత్తారు. వాన మారింది. నేల కూడా ఆగలేదు: 2008లో శంషాబాద్ విమానాశ్రయం, రింగు రోడ్డు, వాటి చుట్టూ కాలనీలు. పరీవాహకంలో ఇప్పుడు చెక్‌డ్యాము ఒక వైపు లాగుతోంది, కాంక్రీటు ఇంకో వైపు లాగుతోంది. పాత జవాబు తప్పు కాదు గాని, అది పాత ప్రశ్నకి జవాబు.

ఈ పనినే తెచ్చి మేఘాద్రిగెడ్డ మీద పెట్టాలని చూస్తే చాలా మారుతుంది. ఈసీ పరీవాహకం దక్కన్ మీద సాగి ఉంటుంది, నీళ్లు తాపీగా దిగుతాయి. ఇక్కడ కొండవాలు దగ్గర, సముద్రం దగ్గర. గెడ్డ జలాశయం దాటి విమానాశ్రయం పక్క నుంచి హార్బరు వైపు పోతుంది. హిమాయత్‌సాగర్ దగ్గర పెద్ద బెంగ నీళ్లు తగ్గుతాయని. ఇక్కడ వేసవిలో తగ్గుతాయని ఒక బెంగ, తుఫాను రాత్రి పెరుగుతాయని ఇంకో బెంగ. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు విశాఖ విమానాశ్రయంలోకి నీళ్లు చేరాయి. లేఅవుట్లు పెరిగేకొద్దీ ముందు చెప్పిన చిన్న వానల లెక్క ఇక్కడ కొత్త అర్థం తెచ్చుకుంటుంది. మే నెల చివర పడే 30 మిల్లీమీటర్ల జల్లు ఒకప్పుడు జీడితోటలో ఇంకిపోయేది. ఇప్పుడది కాలువల్లోని ప్లాస్టిక్కునీ మురుగునీ కడిగి జలాశయంలో పడేస్తుంది. మట్టం పెరిగిందని పేపర్లో సంతోషంగా వేసుకునే నీళ్లవి.

తుఫాను వానకి పూర్తిగా వేరే సాధనం కావాలి. స్వాట్ మామూలుగా రోజుకి ఒక్క అంకె మీద నడుస్తుంది. కొద్ది గంటల్లో కొండ దిగి గేట్ల దగ్గరికి వచ్చేసే నీళ్లని రోజు మొత్తానికి పరిచి చూపిస్తే ఆ రాత్రి అసలేమీ జరగనట్టే ఉంటుంది. అక్కడ గంట గంటకీ వాన కొలత కావాలి, గేటు ఏ గంటకి ఎంత ఎత్తారో కావాలి, ఆ గంటకి హార్బరులో పోటు ఉందో ఆటు ఉందో కావాలి. వాన కొలిచే పరికరాలు సబ్బవరం, కొత్తవలస వైపు కొండల్లో పెట్టడం డబ్బుతో అయ్యే పని. గేటు పుస్తకం గంటల్లో రాయించడానికి డబ్బు కూడా అక్కర్లేదు, రాసే మనిషికి అది ఎందుకో చెబితే చాలు. ఆ లేతు పెద్దాయన అడిగినట్టు, కొలిసింది ఎవులు అన్న దానికి జవాబు దొరికాక మోడల్ ఏది పెట్టాలన్నది చూసుకోవచ్చు.